ఉమ్మనీరు పోతే ముహూర్తం అడగొద్దు

పోయిన వారం మా మామగారు కన్నుమూశారు. జమ్మలమడుగులో, మా ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అలా వెనక్కు వాలారు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు ముహూర్తం పెట్టిన మనిషి. తాను వెళ్ళేటప్పుడు మాత్రం పంచాంగం వైపు చూడను కూడా లేదు. అత్త వంటింట్లోంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

కబురు విని వచ్చినవాళ్ళలో చంకబిడ్డల తల్లులే ఎక్కువ. పులివెందుల వైపు నుంచి గొర్రెలు మేపుకునే ఇంటి కోడలొకామె బస్సు దిగి నేరుగా వచ్చింది. వాకిట్లోనే నిలబడి, కూతుర్ని ముందుకు తోసి, "ఈ పాప ఈ పొద్దు ఈడ నిలబడిందంటే సామి చెప్పిన మాటే" అని ఏడ్చింది. ఆ మాట ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మామగారు పురోహితులు. రాహుకాలంలో గడప దాటరు, వర్జ్యంలో కొత్త చొక్కా తొడగరు. ఒకసారి పెళ్ళికొడుకును తెచ్చిన బస్సును దుర్ముహూర్తం పోయేదాకా ఊరి బయట ఎండలో ఆపించారు. లోపల పెళ్ళివారు ఉడికిపోయారు గానీ ఈయన మాత్రం కరగలేదు. మా పుట్టింటివాళ్ళది కమలాపురం, గుమాస్తాల ఇల్లు. రైలు టైము తప్ప ఇంకో టైమును లెక్కచెయ్యని వాళ్ళం. కోడలిగా వచ్చిన కొత్తలో ఆయన్ను చూస్తే నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది. ఇక మడి సంగతి సరేసరి. బయటి నుంచి వచ్చి ఎవరైనా తగిలారంటే మళ్ళీ తలస్నానమే.

అలాంటి మనిషి ఏ ఇంట శ్రీమంతం చేయించినా, మంత్రాలన్నీ అయ్యాక, అక్షింతలు చేతిలో పట్టుకుని మామూలు తెలుగులో ఒక మాట చెప్పేవారు. "ఉమ్మనీరు పోతే ముహూర్తం కోసరం నా దగ్గరికి రావద్దండి. నొప్పులు రాకపోయినా సరే, ఆసుపత్రికి పోండి. ఎప్పుడు పోయిందో ఆ టయిము మాత్రం గుర్తుపెట్టుకోండి." పీటల మీద కూర్చోబెట్టి ఈ మాటలేందని ముసలమ్మలు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవారు కాదు. అదీ మంత్రంలో భాగమే అన్నట్టు ఆ అమ్మాయి చేత తిరిగి చెప్పించి, ఆ తర్వాతే అక్షింతలు వేసేవారు.

ఆ మాట పుట్టింది నా కాన్పులో.

నాకు నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. ఒకరోజు తెల్లవారకముందే ఉమ్మనీరు పోయింది. తడిసిన చీర తప్ప నొప్పీ లేదు, ఏమీ లేదు. నీరు పోతే నొప్పుల కోసం చూడకుండా వచ్చెయ్యమని ప్రొద్దుటూరు డాక్టరమ్మ ముందే చెప్పి ఉన్నారు. అదే అత్తతో అన్నాను. అత్త చెడ్డదేం కాదు, నన్ను కూతురిలా చూసుకునే మనిషి. నొప్పుల్లేకుండా కాన్పేంది, మామను రానీ, మంచి ఘడియ చూసుకుని పోదాం అంది. మామగారు ఎవరిదో మొక్కు జరిపించడానికి ముందురోజే గండి గుడికి పోయారు. పూజలో ఉంటే ఫోను ఎత్తరు. నా భర్త తుమ్మలపల్లె గనిలో డ్యూటీలో ఉన్నాడు. పొద్దెక్కింది. మామగారు ఇల్లు చేరేసరికి సరిగ్గా రాహుకాలం పట్టింది. ఇక అది వదిలేదాకా కదలనివ్వరని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పటికే సన్నగా చలి మొదలైంది నాకు.

సంగతి విని ఆయన కాళ్ళు కూడా కడుక్కోలేదు. డాక్టరమ్మ ఏం చెప్పిందని నన్నే అడిగారు. చెప్పాను.

"అయితే ఆమె చెప్పిందే ముహూర్తం" అన్నారు.

అత్త రాహుకాలమని గొణిగింది. ఉండనీ, దాని పాటికది ఉంటుంది అని ఆయనే ఆటో కోసం వీధిలోకి పోయారు. పెళ్ళిబస్సును ఎండలో నిలబెట్టిన మనిషి ఈయనేనా అని నేను నోరు తెరుచుకుని చూశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది నీరు ఎప్పుడు పోయిందనే. తిడుతుందన్న భయంతో అత్త ఓ గంట అయిందని చెప్పేసింది. మామగారు అడ్డం వచ్చారు.

"కాదు తల్లీ, పొద్దు పొడవకముందే పోయింది. ఆలస్యం చేసింది మేమే. జాతకంలో టయిము తప్పైతే తిరిగి రాసుకోవచ్చు. ఈడ తప్పైతే ఏం రాసుకుంటాం?"

ఉమ్మనీటి సంచి పగిలాక తల్లి ఒంట్లో ఉండే క్రిములు పైకి పాకి బిడ్డను పట్టుకుంటాయట. ఎంత ఆలస్యమైతే అంత ప్రమాదమట. వెంటనే నా నరంలోకి మందు ఎక్కించారు. సాయంత్రానికి బాబు పుట్టాడు, చిన్నగా, గుప్పెడంత. ఆలస్యం సంగతి తెలుసు కాబట్టి వాణ్ణి ఓ కంట కనిపెడుతూనే ఉన్నారు. మరునాడు వాడు పాలు తాగడం మానేశాడు. ఏడవడం లేదు. ఎంత బుద్ధిమంతుడో అని చూడ్డానికి వచ్చినవాళ్ళు మురిసిపోయారు. నర్సు వాడి పాదాలు పట్టుకు చూసి, "బిడ్డ చల్లబడతాండాడు" అంటూ డాక్టరు కోసం పరుగెత్తింది. రక్తం తీశారు, అద్దాల గదిలోకి మార్చి సూదిమందులు మొదలుపెట్టారు. నన్ను కుర్చీలో తీసుకుపోయి చూపించినప్పుడు వాడి అరచేతిలో నా వేలు పెట్టాను. వేళ్ళు ముడుచుకోలేదు. నా బిడ్డ నాకు దక్కడనుకున్నాను.

మామగారు ఆ గది బయట బెంచీ వదిలి ఇంటికి పోలేదు. పురుటి మైల కాబట్టి గుడికి పోయే పనీ లేదు. "మేము పుట్టిన ఘడియ అడుగుతాం. వీళ్ళు నీరు పోయిన ఘడియ అడుగుతారు. అసలు జాతకం వీళ్ళదే" అన్నారు నాతో. అంత విద్య ఉన్న మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనేశారు.

మందులు పనిచేశాయి. బాబు ఊపిరి కుదుటపడింది గానీ ఒంట్లో వేడి నిలవడం లేదు, ఎవరైనా రొమ్ముకు ఆనించి పెట్టుకోవాలంది నర్సు. నాకు జ్వరం తగ్గలేదు. కబురంది వచ్చిన నా భర్త మందులకు పోయాడు. అంత చిన్న బిడ్డను పట్టుకోవడానికి అత్తకు ధైర్యం చాల్లేదు. మామగారు లేచి చొక్కా విప్పారు. ఆ నర్సు ఎవరో, ఏమిటో అడగలేదు. ఆమె చెప్పినట్టే సబ్బుతో కడుక్కుని వచ్చి కూర్చున్నారు. నర్సు బాబును ఆయన రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి మీద గుడ్డ కప్పింది.

సంధ్య వార్చే వేళ దాటిపోతోందని అత్త గుర్తుచేసింది. ఆయన తల తిప్పలేదు. కాసేపటికి గుడ్డ కింద వాడి చెయ్యి కదిలింది, తడుముకుంది, ఆయన జంధ్యాన్ని గట్టిగా పిడికిట పట్టుకుంది. అది కదిలితే వాడు వదిలేస్తాడేమోనని, ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చున్నారు.