మీ బండి పోతది సార్

ఇప్పుడు నా బడి వికారాబాద్‌లోనే, ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఈ బదిలీ కోసం ఎంతమందిని బతిమాలానో! తీరా దొరికాక మనసు మాత్రం రోజూ తాండూరు రైలెక్కి పోతోంది.

కొత్తగా లెక్కల సారుగా చేరినప్పుడు నాకు యాలాల్ వైపు ఒక బడి ఇచ్చారు. పొద్దున రైల్లో తాండూరు, అక్కణ్నుంచి ఆటో. సాయంత్రం బండి తప్పితే స్టేషన్లో గంటల తరబడి పడిగాపులు. అందుకని నా అసలు ఉద్యోగం బండి అందుకోవడం, మధ్యలో కాసేపు లెక్కలు చెప్పడం అన్నట్టుండేది. నేను కోరుకున్న కొలువు వేరే. రెండుసార్లు పరీక్ష రాసినా అది రాలేదు. ఆ కోపమంతా సుద్దముక్క మీద చూపించేవాణ్ని.

పదో తరగతికి ఆఖరి పీరియడ్ నాదే. గబగబా బోర్డు నింపి, సంచి భుజాన వేసుకుంటూ "అర్థమైందా?" అనేవాణ్ని. "అయింది సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది. ఎంత చురుకైన పిల్లలో అని మురిసిపోయేవాణ్ని కూడా.

అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఆ మురిపెం కాస్తా దిగిపోయింది. సగం పేపర్లు తెల్లగా ఉన్నాయి. మర్నాడు క్లాసులో గొంతు చించుకున్నాను.

"రోజూ అర్థమైందన్నరు గద! ఎందుకు అబద్ధం చెప్పిన్రు?"

చివరికి రెండో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. కంది చేన్లో పని చేసి, అటునుంచటే బడికి ఉరికొచ్చే పిల్ల.

"కాలేదంటే మీ బండి పోతది గద సార్," అంది.

అందులో వెటకారం లేదు. నిజంగా నా గురించే ఫికర్. వాళ్ల చదువు ఏమైనా సరే, పిల్లలంతా కలిసి నన్ను వేళకు ఇంటికి పంపిస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం బండి పోనిచ్చాను. మర్నాడూ అంతే. నన్నెవరూ ఉండమనలేదు, హెడ్మాస్టరుకు తెలియనైనా తెలియదు. అయినా పిల్లలు నమ్మలేదు. గడియారం చూసి, "అయింది సార్, మీరు పోండ్రి," అనేవారు. వాళ్ల నోట నిజం చెప్పించాలని నాకు పంతం పట్టుకుంది. రైల్లో నిలబడి, ఒకే లెక్కను ఎన్ని రకాలుగా చెప్పవచ్చో ఆలోచించేవాణ్ని. ఆ పనిలో రుచి తగిలింది. ఉద్యోగంలో ఉత్సాహం నింపుతామంటూ తర్వాత నన్ను చాలా శిక్షణలకు పిలిచారు. సమోసాలు బాగుండేవి.

పది రోజులు గడిచాయి. ఆ రోజు పాఠం అయ్యాక అదే అమ్మాయి మెల్లగా లేచి, పుస్తకం వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పింది.

"సార్, జర మొదటి పాఠం కాడికెల్లి చెప్తరా? మాకు ఆడికెల్లే సమజ్ కాలే."

పెద్ద పరీక్షలకు ఇక రెండు నెలలే ఉన్నాయి. ఏడాది చదువంతా నా నెత్తిన పడింది. ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.