కుప్పలో కింది సగం

యుద్ధాల్లో ఓడిపోయిన రాజుల గురించి చరిత్రకారులు పుటలకు పుటలు రాశారు. వాళ్ళంతా బలం చాలక ఓడినవాళ్ళే. రమ్మీ ఆడుతూ చేతిలో జోకరు పెట్టుకొని, షో కొట్టడానికి సిద్ధంగా ఉండి, ఆ జోకరునే తీసి కింద పారేసి, "అయ్యో, మళ్ళ పోయింది బావా" అని నిట్టూర్చిన వీరుడి ప్రస్తావన మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. గుమ్మడిదల రాములు ఆ పని ఏడాదిపాటు, ఆదివారం తప్పకుండా, చేశాడు.

రాములుది తాతలనాటి సేద్యం. చుట్టూ మందుల కంపెనీలు లేచాక ఆయన భూమిలో సగం ఒక కంపెనీ గోడ లోపలికి పోయింది, సగం బయట మిగిలింది. ఆయన బతుకూ అట్లాగే సాగింది. షిఫ్టు ఉన్నంతసేపు గోడ లోపల బాయిలర్ దగ్గర, షిఫ్టు దిగాక గోడ బయట బీర పందిరి కింద. రమ్మీ నేర్చింది కంపెనీ బస్సులో. నలుగురి మోకాళ్ళ మీద ఒక తువ్వాల పరిచి ఆడేవారు. బస్సు గుంతలో పడితే ముక్కలు గాల్లోకి లేచేవి. దిగేసరికి రాములు ముక్కలు మాత్రం వరసలోనే ఉండేవని చెప్పుకునేవారు. రిటైరయ్యేనాటికి తువ్వాల చిరిగింది గాని ఆ పేరు చిరగలేదు.

అటువంటివాడికి వియ్యం వచ్చిపడింది. కూతురు నిషిత పటాన్‌చెరులో ఒక ల్యాబులో పనిచేస్తూ, పక్క బల్ల దగ్గర పనిచేసే కార్తికేయను చేసుకుంటానంది. కార్తికేయ తండ్రి వెంకటనారాయణ సంగారెడ్డిలో పప్పుల వ్యాపారి. కులాలు వేరైనా రెండిళ్ళూ పెద్దగా గొడవ పడకుండానే ఒప్పుకున్నాయి. కొత్త జంట కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు తీసుకుంది. ఆదివారం వియ్యంకులిద్దరూ అక్కడ చేరి రమ్మీకి కూర్చునేవారు.

చిక్కంతా అక్కడే ఉంది. పిల్లనిచ్చినవాడు పిల్లవాడి తండ్రికంటే ఒక మెట్టు కిందనే ఉండాలని రాములు చిన్నప్పటినుంచి విన్నాడు. ఆ మెట్టు పత్తాలాటకు వర్తించదని ఎవరూ చెప్పలేదు. కనుక ఓడేవాడు. అదీ మొరటుగా కాదు. ఒక ముక్క తేడాతో, అవతలివాడికి చెమట పట్టించి మరీ.

"గెలుసుడు అందరికొస్తది," అనేది ఆయన భార్య కౌసల్య. "గింత సక్కగ ఓడుడు నీకొక్కనికే వచ్చు."

ఒక ఆదివారం వెంకటనారాయణ గెలిచి, ఆ సంబరంలో, రాములు బోర్లించిన ముక్కలను ఊరికే తిప్పి చూశాడు. పూర్తయిన ఆట. ఎప్పుడో షో కొట్టవలసిన ఆట. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని చూశాడు. ముక్కలు మారలేదు.

"ఇదేంది బావా? ఆటనా, దానమా?"

"అట్ల గాదు బావా, సూసుకోలే..."

"నా దుకాణంల తూకానికి మొగ్గు నేను పెడ్త. నాకు మొగ్గు పెట్టేటోడు ఇంకా పుట్టలే. ఇన్నొద్దులు నన్ను పోరగాన్ని జేసి ఆడిపిచ్చినవా?"

చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆదివారాలు రెండు ముక్కలయ్యాయి. ఒక వారం పుట్టింటివాళ్ళకు, ఒక వారం అత్తింటివాళ్ళకు. రాములు వచ్చే వారం వెంకటనారాయణకు దుకాణంలో సరుకు దిగేది. ఆదివారం పూట సరుకు దిగే దుకాణం సంగారెడ్డిలో అదొక్కటే. రాములుకు అన్నం సయించలేదు. కూతురు కాపురంలో తన మర్యాదే చిచ్చు పెట్టిందన్న బాధ ఆయనది. క్షమాపణ అడుగుదామంటే ఏమని అడగాలి? "ఇకమీద మిమ్మల్ని ఓడిస్తాను" అనా?

ఆ సమయంలో నిషిత ఆఫీసు వాళ్ళతో విహారయాత్రకు పోయి, ఒక ఆట నేర్చుకొని వచ్చింది. దాని పేరు ఒమాహా హై-లో. ఉత్తరాలు పంపి సంధి కుదుర్చుకునే కాలం కాదు కనుక, ఆమె ఇద్దరికీ ఒకే ఆదివారం రమ్మని విడివిడిగా ఫోన్ చేసింది, రెండోవాళ్ళు రారని ఇద్దరికీ చెప్పింది. గుమ్మంలో ఎదురుపడ్డాక వెనక్కి తిరగడం ఇద్దరికీ మర్యాద కాకపోయింది. అట్లా మర్యాద ఒకసారి అక్కరకు వచ్చింది.

నిషిత బల్ల మీద చింతగింజల డబ్బా బోర్లించింది. "పైసలు లేవు. గింజలే. కొత్త ఆట, ఇద్దరికీ రాదు. ఇగ ఎవలు ఎవలికి దానం జేస్తరో సూస్త."

నియమాలు చెప్పింది. ఒక్కొక్కరికి చేతికి నాలుగు ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు. చేతిలోంచి రెండు, బల్ల మీదివి మూడు కలిపి ఐదింటి ఆట కట్టాలి. గింజలన్నీ ఒక కుప్ప. ఆ కుప్పలో సగం అందరికంటే పెద్ద ఆటకు. జత కంటే ఒకే రకం మూడు, ఆ మూడింటి కంటే వరస పెద్దవి. మిగతా సగం అందరికంటే చిన్న ఆటకు. అంటే ఎనిమిది దాటని, జతలు లేని ఐదు ముక్కలకు.

రాములు చెవులు నిక్కాయి. "చిన్నదానిక్కూడ సగమా?"

"సగం, నాయినా."

"పాలుకిచ్చిన పొలం లెక్కనా? కల్లంలనే రెండు కుప్పలు?"

"గట్లనే. ఆసు మాత్రం పెద్దదాంట్ల పెద్దది, చిన్నదాంట్ల చిన్నది."

"రెండు దిక్కుల ఉంటదా! మా వార్డు మెంబరు లెక్కనే ఉన్నది."

వెంకటనారాయణ మీసం కింద ఏదో కదిలింది. నవ్వని అనుకోనివ్వకుండా దగ్గాడు.

రాములు మనసు మాత్రం అప్పటికే చేతులు జోడించింది. ఇది వియ్యంకుల కోసమే పుట్టిన ఆట. పై సగం పిల్లవాడి తండ్రికి, కింది సగం పిల్ల తండ్రికి. దొంగ ఓటమి అక్కర్లేదు, దొరికిపోయే భయం లేదు. నిషిత ఇంకా, "రెండూ ఒక్కలకే పడితే కుప్పంత వాళ్ళదే," అని చెబుతోంది. అది తనకు సంబంధించిన సంగతి కాదని రాములు వినలేదు.

ఆయనకు కొరుకుడు పడనిది ఒకటే, చేతిలోంచి రెండే తీయాలన్న నియమం. పదమూడు ముక్కలనూ వాడుకున్న రమ్మీ చెయ్యి అది. మాటిమాటికీ మూడు తీసేవాడు.

"రెండే, నాయినా."

"నా చేతిలయి నావి గావా బిడ్డా?"

"నీవే. గని రెండే."

ఆట మొదలైంది. రాములు పెద్ద ముక్కలు వస్తే ముట్టుకోలేదు, చిన్నవి వస్తే నిలబడ్డాడు. రెండుసార్లు కింది సగం తీసుకున్నాడు, పై సగం అవతలికి పోయింది. వెంకటనారాయణ ఒకసారి, పొరపాటున అన్నట్టు, "పంచు బావా" అన్నాడు. ఆ 'బావా' కోసం రాములు నెలలుగా ఎదురుచూస్తున్నాడు.

తరువాత కార్తికేయ పంచిన ఆటలో వెంకటనారాయణ గింజలు దోసిళ్ళతో పోశాడు. నిషిత, కార్తికేయ తప్పుకున్నారు. రాములు తప్పుకోలేదు, కింది సగం ఉండగా భయమెందుకు? బల్ల మీద మూడు, ఐదు, ఎనిమిది, తొమ్మిది, రాజు.

వెంకటనారాయణ రెండు రాజులు వేశాడు. బల్ల మీది రాజుతో మూడు.

"పై సగం మీదే బావా," అన్నాడు రాములు సంతోషంగా. "నాది కిందిది." ఆసు, రెండు, నాలుగు పరిచి, బల్ల మీది మూడు, ఐదు వాటి నడుమకు జరిపాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఇంతకన్న తక్కువ ఇంకెవలుంటరు?"

కార్తికేయ నోరు తెరిచాడు. నిషిత ఆ నోట్లో సర్వపిండి ముక్క పెట్టింది.

వెంకటనారాయణ ఆ ఐదింటినీ వేలితో ఒక్కొక్కటే తాకాడు. "ఇది వరస గద బావా! వరస మూడు రాజుల కన్న పెద్దది. కింద నువ్వే, మీద నువ్వే. కుప్పంత నీదే!"

రాములు ముఖం పాలిపోయింది. ఎంత కిందికి దిగితే అంత మర్యాద అనుకొని దిగినవాడు పైన తేలాడు. రెండు చేతులతో కుప్పను అవతలికి నెట్టబోయాడు. వెంకటనారాయణ ఆ చేతులు పట్టుకున్నాడు.

"ఒక్క గింజ ఇటు జరిపితివంటే ఈ ఇంట్ల అడుగు వెట్ట. తీస్కో. కొడ్తే గిట్ల కొట్టాలె! ఇన్నొద్దులకు నాతోని ఆడినవ్ నువ్వు." అని పడిపడి నవ్వాడు. నవ్వుతూనే కోడలివైపు తిరిగాడు: "అమ్మా నిషితా, మామను ఓడగొట్టినోనికి ముందుగాల వడ్డించు!"

ఆ రోజు ఇద్దరూ పక్కపక్కన కూర్చొని తిన్నారు. వెంకటనారాయణ, రాములు తెచ్చిన బీరకాయలు తనే సంచిలో పోసుకున్నాడు, వచ్చే ఆదివారం కందిపప్పు తెస్తానన్నాడు. సాయంత్రం గుమ్మడిదల బస్సులో రాములు, గెలిచిన గింజల మూట ఒళ్ళో పెట్టుకొని, ఊరూ పేరూ తెలియని ఒక మనిషికి దండం పెట్టాడు.

"ఎవలికి?" అంది కౌసల్య.

"గీ ఆట పుట్టిచ్చినాయనకు. ఏ దేశమోడో గని, పిల్లనిచ్చినోడే అయ్యుంటడు."

ఆ పెద్దమనిషి పెట్టిన నియమం ప్రకారం చేతిలోంచి రెండు ముక్కలే తీయాలి. రాములు మూడు తీశాడు. పై సగం వెంకటనారాయణదే.