ఫొటో వరకే శాలువా

నాకు తాండూరులో డిగ్రీ సీటు వచ్చినప్పటి మాట. మాది బొంరాస్‌పేట దగ్గర పల్లె. నాన్న గొర్రెలు కాస్తాడు. క్లాసులు మొదలయ్యే ముందు కొత్త విద్యార్థులకు స్వాగత సభ ఉందని, తల్లిదండ్రులకు సన్మానం చేస్తామని కాలేజీవాళ్లు ఫోన్ చేశారు.

"నాకెందుకు బిడ్డా సన్మానం" అంటూనే నాన్న గొర్రెలను చిన్నాయనకు అప్పగించి, తెల్లంగీ వేసుకుని వచ్చాడు.

ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి ఫొటో తీస్తున్నారు. మెట్ల దగ్గర అటెండర్ ఆ శాలువాలు తిరిగి తీసుకుంటున్న సంగతి వెనక కూర్చున్న మాకు కనబడలేదు. నాన్న అటెండర్‌ను చూసుకోకుండా శాలువాతోనే దిగి, నవ్వుకుంటూ నా వైపు వస్తున్నాడు.

"ఓ పెద్దమనిషీ, గా శాలువా ఇచ్చిపో. ఇంకా మస్తుమంది ఉన్నరు" అన్నాడు లెక్చరర్ మైకులో.

హాలంతా నవ్వింది. నాన్న అక్కడే నిలబడి శాలువాను మడత పెట్టి, వెనక్కి వెళ్లి రెండు చేతులతో ఇచ్చాడు.

"నాకెరుక లేదు సారూ. కప్పిన్రు గదా, నాకే అనుకున్న" అన్నాడు.

ఫొటో కోసం కప్పే గుడ్డను సన్మానం అనకూడదని అంత చదువుకున్నవాళ్లకు ఎవరు చెప్పాలి?

కొన్నాళ్లకు బస్టాండు ముందు కాలేజీ ఫ్లెక్సీ పెట్టారు. అందులో నాన్న, భుజాల మీద శాలువా. ఊరివాళ్లు చూసొచ్చి చెబితే, ఆ శాలువా ఎక్కడుందని అమ్మ అడిగింది. బస్సులో మరిచిపోయానన్నాడు నాన్న.

అంత మంచి శాలువా పోగొట్టాడని అమ్మ ఇప్పటికీ తిడుతుంది. నాన్న తల వంచుకుని ఆ తిట్లు పడతాడు. నేను నోరు విప్పను.