గుడ్డెలుగు వేసిన కుట్లు

నా ఎడమ రొమ్ము మీద జానెడు గాటు ఉంది. అడిగిన వాళ్ళందరికీ దుమ్ముగూడెం అడవిలో గుడ్డెలుగు గీరిందని చెప్పాను. మొదట చెప్పినప్పుడు ఎలుగు ఒక్కటే. కొన్నాళ్ళకు దానికి పిల్ల పుట్టింది. ఎండలు ముదిరి అంగీ లేకుండా అరుగు మీద కూర్చునే రోజులు వచ్చేసరికి, నేను దాని గొంతు పట్టుకుని వాగులోకి తోసేసేదాకా పెరిగింది కథ. మా వీధి చివర టీ కొట్టు ఆయన దాన్ని నాకంటే బాగా చెబుతాడు. ఒకసారి నా ముందే ఎవరికో చెబుతుంటే నాకే భయం వేసింది.

ఎలుగును అసలు చూడలేదని కాదు. చూశాను. వెళ్తున్న బస్సులోంచి, దూరంగా, అది తన దారిన రోడ్డు దాటుతుంటే. నావైపు తల కూడా తిప్పలేదు. గాటు పెట్టింది హైదరాబాదులో ఒక డాక్టరు. నేను మత్తులో ఉన్నాను కనుక ఎవరి గొంతూ పట్టుకోలేదు.

నేను బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన వాణ్ణి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా అడవి ఊళ్ళకు పోయే బస్సు. తునికాకు కట్టలు, ఇప్పపువ్వు మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి మధ్య మనుషులు. తోలు సంచి పట్టీ భుజం మీది నుంచి రొమ్ముకు అడ్డంగా దిగేది. చెమటకు ఒరుసుకుని ఆ దారి పొడుగునా చర్మం నల్లబడి మొద్దుబారింది. ఉద్యోగం అయిపోయినా ఆ చార పోలేదు. అందుకే చనుమొన వెనకాల శనగగింజంత గట్టిగా ఏదో తగిలితే, పట్టీ ఒత్తుకుని కాయ కాసిందనుకున్నాను. గొడ్డలి పట్టిన చేతికి కాయలు కాయవా, ఇదీ అంతే. సంచి నన్ను ఇంకా వదల్లేదని టీ కొట్టులో గొప్పగా చెప్పుకున్నాను. తాకి చూడమన్నాను కూడా. టీ కొట్టు ఆయన వేలితో నొక్కి, "గట్టిగనే ఉంది సార్, నీ సర్వీసు లెక్కనే" అన్నాడు. నేను రొమ్ము విరుచుకుని టీ తాగాను.

నొప్పి లేదు. నొప్పి ఉంటే ఎప్పుడో వెళ్ళేవాణ్ణి.

మా ఇంటామె బనీను ఉతుకుతూ పట్టుకుంది.

"ఇదేం మరక? రక్తం లెక్కనే ఉంది."

"పాన్ మరక."

"పాన్ నోట్లేస్కుంటరా, రొమ్ముకు పూస్కుంటరా? నడువు, దవాఖానకు పోదాం."

ఖమ్మం దవాఖానలో పరీక్ష చేసే గది ముందు బెంచీల నిండా ఆడవాళ్ళు. నేను వెళ్ళగానే అందరూ లేచి చోటిచ్చారని ఇంటికి వచ్చాక చెప్పాను గానీ, ఎవరూ లేవలేదు. ఎవరి దిగులులో వాళ్ళున్నారు. నర్సు తలుపు తీసి, "పెద్దాయనా, పేషెంటును పంపు. మొగోళ్ళు బయట ఉండాలె" అంది.

"పేషెంటు నేనేనమ్మా."

ఆమె మా ఇంటామెను చూసింది, నన్ను చూసింది. "కూసో తాతా" అంది. అంతలోనే గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం నాకు నచ్చలేదు. బస్సులో ముసలివాళ్ళకు సీటు ఇప్పించేటప్పుడు నేనూ అదే గొంతు పెట్టేవాణ్ణి.

లోపల రెండు పలకల మధ్య రొమ్మును పెట్టి నొక్కే యంత్రం ఉంది. నా దగ్గర దానికి దొరికేది ఏముంది. ఫొటో తీసే అమ్మాయి "ఇంకొంచెం ముందుకు రా తాతా" అంటూనే ఉంది. "ఇంతకన్న ముందుకొస్తే అవతల పడతనమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత సూది గుచ్చి ముక్క తీశారు. మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ రొమ్ము క్యాన్సర్ అని చెప్పింది. మగవాళ్ళకు చాలా అరుదు, కానీ వస్తుంది, వాళ్ళకూ అక్కడ ఆ కండ కొంచెం ఉంటుంది అంది. నేను వింటున్నది ఒక్క మాటే. రొమ్ము. తాగి బస్సెక్కిన వాణ్ణి దింపడానికి నేను విరిచిందీ రొమ్మే, తల్లి బిడ్డకు ఇచ్చేదీ రొమ్మే. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఇన్నేళ్ళు దాన్ని నాదే అనుకుని వాడుకున్నాను. పక్కన క్యాన్సర్ అని చేరేసరికి అది ఆడవాళ్ళ మాట అయిపోయింది, నోట్లోంచి బయటికి రానంది. గుడ్డెలుగు పుట్టింది అప్పుడే.

హైదరాబాదులో కోత, తర్వాత మందు ఎక్కించడం. ఆ నెలల గురించి గొప్పగా చెప్పుకోవడానికి నాకు కూడా ఏమీ దొరకలేదు. మంచం మీంచి గుమ్మం దాకా పోతే భద్రాచలం నుంచి నడిచొచ్చినట్టు ఉండేది. ఆ తర్వాత రోజూ ఒక మాత్ర, ఆడవాళ్ళకు ఇచ్చేదే. దానితో ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ లేచి ముఖమంతా చెమట పట్టేది. మా ఇంటామె విసనకర్ర విసురుతూ, "ఇప్పుడు తెల్సిందా, నాకు ముట్లు ఆగినప్పుడు ఎట్లుండెనో. ఏం రోగమే నీకు అన్నవ్ గదా" అంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

డాక్టరమ్మ ఇంట్లో ఆడవాళ్ళకెవరికైనా ఇలాంటిది వచ్చిందా అని అడిగింది. లేదన్నాను. అమ్మ కడుపునొప్పితో పోయిందని తెలుసు, అంతే. అయినా రక్తం పరీక్ష చేయించారు. మగవాడికి వస్తే అది తరతరాలుగా రక్తంలో దిగి వస్తూ ఉండొచ్చట. నా రక్తంలో ఆ లోపం ఉంది. మాకు పిల్లలు లేరు. తోడబుట్టింది ఒక్క చెల్లెలు, కూసుమంచి దగ్గర మిర్చి వేస్తారు. "ఆమెకు చెప్పండి. ఆలస్యం చేయొద్దు" అంది డాక్టరమ్మ.

ఆలస్యం చేశాను. ఫోన్ చేసినప్పుడల్లా వాన గురించి, తోటకు పట్టిన తెగులు గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ణి. చివరికి మా ఇంటామె, "నువ్వు చెప్పకుంటే నేను చెప్త" అంటే బస్సెక్కాను.

చెల్లెలు కల్లంలో పట్టా మీద కూర్చుని మిరపకాయల్లోంచి తాలు ఏరుతోంది. రంగు చెడి తెల్లబడిన కాయలు ఒక పక్కకు విసురుతూనే తలెత్తింది.

"ఏందన్నా, గుడ్డెలుగు కొట్టిందంట గదా. ఊర్లందరికి తెల్సు, నాకు తప్ప."

"అవ్, కొట్టింది."

"ఏదీ, అంగి తియ్యి."

తీశాను. చాలాసేపు చూసింది.

"మంచి గుడ్డెలుగే. కొట్టి, వరసగ కుట్లేసి పోయింది." ఇంకొంచెం దగ్గరికి వంగింది. "చనుమొన ఏదన్నా?"

"తీసేసిన్రు. క్యాన్సర్."

"ఏ క్యాన్సర్?"

"రొమ్ముది."

నవ్వుతుందనుకున్నాను. మళ్ళీ తాలు ఏరడం మొదలుపెట్టింది. నాలుగు కాయలు విసిరాక అంది: "అమ్మకు గూడ గాడనే ఉండె. పసుపు రాసి గుడ్డ కట్టుకునేది. ఎనకనుంచి నేనే ముడేసేదాన్ని."

"నాకెవలు చెప్పలే. కడుపునొప్పి అన్నరు."

"నువ్వు మొగోనివి. నీకెట్ల చెప్తం?"

మగవాణ్ణని వాళ్ళు నాకు చెప్పలేదు. మగవాణ్ణని నేను వాళ్ళకు చెప్పలేదు. ఇద్దరి మధ్యా మిరపకాయల ఘాటు. ఇద్దరం కాసేపు తుమ్ముకున్నాం.

పరీక్ష సంగతి చెప్పాను. "నాకేమైంది? కాయ కల్లంల ఉంది, గిప్పుడు యాడికొస్త" అంది. పెద్ద అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. ఈ వారం రాకపోతే ఇక లాభం లేదన్నారని చెబితే భయపడి బయల్దేరేది. ఎందుకో నాలుక లేవలేదు.

"పోతే ఏం లేదనే అంటరేమో. నేనైతే సంచి పట్టీకి కాయ కాసిందని కూసున్న. అందరితోని నొక్కిచ్చుకున్న" అన్నాను.

దానికి నవ్వింది, పైటకొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "సంచి పట్టీకా." ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. చెయ్యి తాలు కుప్ప మీదే ఉండిపోయింది.

"నాది బస్తా తగిలి కమిలిందనుకుంటున్న అన్నా."

"ఏది?"

"ఏం లేదు. కందిగింజంత. బస్తా ఎత్తుతుంటే అంచు ఒత్తుకున్నదేమోనని."

మర్నాడు పొద్దున్నే ఖమ్మంలో అవే బెంచీలు, అదే నర్సు. ఈసారి నన్ను బయట ఉండమనలేదు. చెల్లెలు లోపలికి పోయింది. నేను తలుపునే చూస్తూ కూర్చున్నాను. కండక్టరు బుద్ధి, లోపలికి పోయిన వాళ్ళు దిగేదాకా చూపు తిప్పుకోలేను.

బయటికొచ్చి పక్కన కూలబడింది.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"సన్నగనే ఉందంట అన్నా. సూది పరీక్ష చేసిన్రు. మంచిదో చెడ్డదో అది వస్తెగాని తెల్వదు. ఏదైనా జల్దీ వచ్చినవ్ అన్నది."

ఎదురు బెంచీ మీద ఒకావిడ మమ్మల్నే చూస్తోంది. "చెల్లెను తోల్కొచ్చినవా పెద్దాయనా?" అని పలకరించింది.

నాకంటే ముందు చెల్లెలే అందుకుంది. "అవ్ వదినా. ఈయన్ను గుడ్డెలుగు కొట్టింది. అడుగు, చెప్తడు."

ఆవిడ ముందుకు వంగింది. అంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరకడం కష్టం. ఎలుగు, దాని పిల్ల, వాగు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"కొట్టలేదమ్మా. నాకు గూడ ఇదే. రొమ్ము క్యాన్సర్" అన్నాను.

"మొగోళ్ళకు గూడ వస్తదా?"

"అవ్, వస్తది."

ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్న భర్త వైపు ఒకసారి చూసి, ఏదో ఆలోచనలో పడిపోయింది.

"ఎలుగు కథనే మంచిగుండె" అంది చెల్లెలు మెల్లగా.

"అవ్. గని అలిసిపోయిన చెల్లె. చెప్పినప్పుడల్లా దాన్ని వాగుల తొయ్యాలంటే ఊకెనా."