రసమట్టం పెట్టిన సైకిల్

పదవీ విరమణ చేసేవాడికి శాలువా కప్పే పద్ధతి ఎవరు కనిపెట్టారో గాని, ఆ మహానుభావుడు ఏప్రిల్ నెలలో సూరత్ వచ్చి ఉండడు. నాకు ఏడు కప్పారు. ఏడూ పాలిస్టరే. కుచ్చులు గుచ్చుకుంటున్నాయని ఫిర్యాదు చేద్దామా అంటే, నేత లోపాల మీద వచ్చే ఫిర్యాదులన్నీ తిరిగి నా డిపార్ట్‌మెంటుకే వస్తాయి.

శాలువాకొకటి చొప్పున ఉపన్యాసాలూ విన్నాను. కంప్రెసర్ గది మార్చడం గురించి ఒకరు, కరెంటు ఆదా గురించి ఒకరు మాట్లాడారు. నేను కాస్త గొప్పగా చెప్పుకోదగ్గ పని మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ తప్పు కాదు. అది మిల్లు రికార్డుల్లో లేదు. అది ఒక సైకిల్.

2020 జూన్‌లో మిల్లు మళ్ళీ తెరిచినప్పుడు నా హోదా మెయింటెనెన్స్ మేనేజర్. ఆ హోదా కింద మామూలుగా ఇరవై ఇద్దరు ఉండాలి. నాతో కలిపి ఆరుగురం మిగిలాం. మా దగ్గర తొంభై ఆరు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని సిరిసిల్లలోనూ సూరత్‌లోనూ సాంచా అనే అంటారు కాబట్టి, మా వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ నేర్చుకోవలసిన మొదటి మాట ఒకటి తగ్గుతుంది. వాటిలో ముప్పై నడిచేవి. మిగతావాటిని నడిపే మనుషులు రైళ్ళు దొరికినవాళ్ళు రైళ్ళలో, దొరకనివాళ్ళు కాలినడకన ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆగిపోయిన సాంచాకు రిపేరు రాదు. అంటే ఆ ఏడాది మేము చాలా సమర్థంగా పనిచేశాం.

మిగిలిన ఆరుగురిలో సమ్మయ్య సీనియర్ జాబర్. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా సూరత్ శివారు డిండోలిలో ఉంటున్నాడు. జాబర్ అంటే సాంచాను విప్పి, బిగించి, మొరాయిస్తే దారికి తెచ్చేవాడు. ఇంజినీరు అంటే జాబర్ చేసినదానికి రిపోర్టు రాసేవాడు. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

సమ్మయ్య మతం రసమట్టం. తాపీమేస్త్రి చేతిలో ఉండేదే, గాజుగొట్టంలో బుడగ ఉండే పనిముట్టు, కాకపోతే ఇంకా సున్నితమైనది. మా వాటర్‌జెట్ సాంచా నీటిధారతో నిమిషానికి ఆరువందల అడ్డపోగులు వేస్తుంది. దాని పాదాలు వెంట్రుకవాసి ఎత్తుపల్లాలుంటే బట్ట మీద పట్టీలు పడతాయి. అందుకని సమ్మయ్య ఏ పని మొదలుపెట్టినా, ముగించినా బుడగను మధ్యలోకి తెచ్చేవాడు. ఇంట్లో మంచం కూడా మట్టం చూసే వేశాడని మిల్లులో చెప్పుకునేవారు. నేను అడిగితే కాదనలేదు.

నా మతం ఒక చీటీ. ఓవర్‌హాల్ అయిన సాంచాను బాగైందని జాబర్ చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. దాన్ని నడిపే కార్మికుడు ఒక పూర్తి షిఫ్టు నడిపి చీటీ మీద సంతకం పెట్టాలి. అప్పటిదాకా పని పూర్తి కానట్టే. ఈ నిబంధన నేనే రాశాను. రాసినవాడికి దాని మీద ఎంత నమ్మకముందో ఇక ముందు తెలుస్తుంది.

సమ్మయ్య మరదలు స్వరూప మా ఫోల్డింగ్ విభాగంలో చెకర్‌గా పనిచేసేది. నేసిన బట్టను వెలుతురు బల్ల మీద లాగుతూ లోపాలు గుర్తించే ఉద్యోగం. వయసు ఇరవై మూడేళ్ళు. పదేళ్ళప్పుడు సూరత్ వచ్చింది. బస్సులు ఆగిపోయినప్పుడు, రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక బట్టల దుకాణం మేనేజర్ వాడకుండా పడేసిన మౌంటెన్ బైకును కొనుక్కుని, డిండోలి నుంచి మిల్లుకు దాని మీదే వచ్చేది. బడిలో ఉండగా సైకిల్ పందేలు గెలిచిందట. ఆదివారాలు కాలువ గట్టు మీది మట్టి బాటలో తొక్కేది.

దీపావళి తర్వాత ఒకరోజు ఆమె వర్క్‌షాపుకు వచ్చింది. ఊళ్ళో ఒక సైకిల్ క్లబ్బువాళ్ళు మహిళల జట్టుకు ఇద్దరిని తీసుకుంటున్నారు. ఎంపికైతే కోచ్, మంచి బండి, పోటీల ఖర్చు అన్నీ క్లబ్బువే. ఫిబ్రవరి రెండో ఆదివారం పరీక్ష. నలభై కిలోమీటర్ల మట్టి బాటను గంటన్నరలో పూర్తిచేయాలి, అలా చేసినవాళ్ళలో మొదటి ఇద్దరికే చోటు. ఇరవై నాలుగు నిండినవాళ్ళను తీసుకోరు. స్వరూపకు మార్చిలో నిండుతాయి.

"ఇప్పుడు ఎంతసేపు పడుతోంది?" అని అడిగాను.

"గంటా నలభై రెండు నిమిషాలు సార్. బండి బరువుంది. ముందల గా స్ప్రింగులు నా తాకతంత తింటున్నయ్. దీన్నే గ్రావెల్ బండి లెక్క చేయొచ్చంట, వీడియోల సూసిన. బావ చేస్తనంటుండు. మీరు జర పక్కన ఉండుండ్రి, లేకుంటే దీన్ని సాంచా చేస్తడు."

"నీ బండి ఇంకా నయం కాకముందే నన్ను తిడుతున్నవేంది పోరీ," అన్నాడు సమ్మయ్య.

గ్రావెల్ బైకు అంటే కంకర, మట్టి బాటల మీద పందేనికి వాడే సైకిల్. రోడ్డు పందెపు సైకిల్‌కుండే వంపు హ్యాండిల్, దానికంటే కాస్త లావు టైర్లు. మౌంటెన్ బైకు ఫ్రేముతో దాన్ని తయారుచేయడం అసాధ్యం కాదు. పన్నెండు నిమిషాలు తగ్గించాలి. సాంచాలైతే పడుకుని ఉన్నాయి. ఒప్పుకున్నాను.

ముందు ఫ్రేమును విప్పి, వెనక చక్రం బిగించే రెండు కొసల నుంచి, హ్యాండిల్ దిగే మెడగొట్టం చుట్టూ దారం లాగి వంకర లేదని చూసుకున్నాం. మూడు ముందు పళ్ళచక్రాల్లో రెండు తీసేశాం. సలాబత్‌పురాలో పాత సామాన్ల దుకాణం నుంచి పొట్టేలు కొమ్ముల హ్యాండిల్ తెచ్చాం. అలాంటి హ్యాండిల్ మీద చేతులు ఇంకా ముందుకు పోతాయి కాబట్టి, హ్యాండిల్‌ను మెడకు కలిపే స్టెమ్ అనే ముక్కను సగం పొడవుది వేశాం. ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే.

బ్రేకుల దగ్గర చిక్కొచ్చింది. వంపు హ్యాండిల్ మీటలు నొక్కితే తీగ కొంచెమే కదులుతుంది. ఆ మౌంటెన్ బైకు బ్రేకులకు దానికి రెట్టింపు కదలిక కావాలి. ఉన్నవి ఉన్నట్టు కలిపితే మీట పూర్తిగా నొక్కుకుపోతుంది, బండి మాత్రం తన దారిన తాను పోతుంది. దానికొక ముక్క బజారులో దొరుకుతుందట గాని, ఆ రోజుల్లో కొరియర్ మీద ఆశపెట్టుకోవడం కంటే లేతు మీద పెట్టుకోవడం నయం. సమ్మయ్య అల్యూమినియం కడ్డీ నుంచి రెండు మెట్ల కప్పీ తీశాడు. చిన్న మెట్టు మీద మీట తీగ, దానికి రెట్టింపు వ్యాసమున్న పెద్ద మెట్టు మీద బ్రేకు తీగ. నేను లెక్క కట్టి ఇచ్చాను, అతను లెక్క చూడకుండా చేశాడు, రెండూ కలిశాయి. తీగకు బరువులు వేలాడదీసి, మీటను వెయ్యిసార్లు నొక్కించి, ఆ తర్వాతే బండికి బిగించాం. ఆ కప్పీ మీద నాకు కొంచెం గర్వముంది. కొంచెమంటే, ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను.

మిగిలింది ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు. స్ప్రింగుల ఫోర్కు తీసి మామూలు ఇనుప ఫోర్కు వేయాలి. సమ్మయ్య పాత దుకాణం నుంచే ఒకటి తెచ్చి వేశాడు. వేసి ఫ్రేము పైగొట్టం మీద రసమట్టం పెట్టాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది.

మౌంటెన్ బైకు పైగొట్టం పుట్టుకతోనే ఏటవాలుగా ఉంటుంది. ముందు ఎత్తు, వెనక పల్లం. సమ్మయ్యకు అది మొదటిరోజు నుంచీ కంటిలో నలుసులా ఉంది. కొత్త ఫోర్కు ఏడు సెంటీమీటర్లు పొట్టి. ముందుభాగం దిగింది, గొట్టం చదునైంది. నేను వంగి చూశాను. ముప్పై ఏళ్ళుగా బుడగ మధ్యలో ఉంటే సంతకం పెడుతున్నవాణ్ణి. చాలా బాగుందన్నాను.

ఈలోగా స్వరూప వారం వారం వచ్చి అడుగుతూనే ఉంది. షేర్ ఆటోలో మిల్లుకు వస్తోంది, ఆదివారాలు ఖాళీ.

"బావా, బండి ఎప్పుడిస్తవ్?"

"ఫైనల్ల ఉన్నదే. ఆగరాదు."

"పోయిన వారం గూడ ఫైనల్లనే ఉండె."

జనవరి మొదటివారంలో ఇచ్చాం. శనివారం పొద్దున తీసుకుని కాలువ గట్టుకు పోయింది. పదింటికి బండిని నడిపించుకుంటూ వర్క్‌షాపుకు వచ్చింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎడమ పెడల్ వంగింది.

"పడ్డవా?" అన్నాడు సమ్మయ్య.

"నేను పడలే. గిది పడేసింది. మేక లెక్కున్నది బావా. ఇటు పొమ్మంటే అటు దుంకుతది. మలుపుల పెడలు రాయికి తగిలింది. నాకు నెల రోజులే ఉన్నయ్, మీ ఇద్దరికి తెలుస్తుందా?"

"మట్టం కరెక్టే ఉన్నది గదనే..."

"మట్టం మీద నువ్వు తొక్కు."

నేను వర్క్‌షాపు కోణమాని తీసి మెడగొట్టం వాలు కొలిచాను. మొదట డెబ్బై ఒక్క డిగ్రీలుండేది, డెబ్బై నాలుగున్నర అయింది. మెడ ఎంత నిటారైతే చక్రం అంత చపలంగా తిరుగుతుంది. ముందు దిగడం వల్ల, టైర్లు సన్నబడడం వల్ల పెడళ్ళ ఇరుసు మూడున్నర సెంటీమీటర్లు నేలకు దగ్గరైంది. సైకిల్‌కు పైగొట్టం చదునుగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అది సాంచాకు. మేము సైకిల్‌ను నేలలో బోల్టు వేసి బిగించే యంత్రంగా సరిచేశాం. ఆ లెక్కన అది నిర్దోషంగా ఉంది.

స్ప్రింగుల ఫోర్కు మనిషి బరువుకు కుంగాక మిగిలే ఎత్తుకు సరిపడా పొడవుతో చేసిన గట్టి ఫోర్కులు ఉంటాయి. అది కావాలి. పొట్టిదానికి ముక్క అతికి వెల్డింగ్ చేద్దామన్నాడు సమ్మయ్య. ఫోర్కు మీద వెల్డింగ్ విరిగితే మనిషి మొహం మీద పడతాడు. వద్దన్నాను. ఆ ఉద్యోగంలో నేను గొంతు పెంచి వద్దన్న సందర్భాలు మూడో నాలుగో ఉంటాయి, అది ఒకటి.

అలాంటి ఫోర్కు నేను చూశాను. మా మిల్లు యజమాని సేఠ్ గారి ఇంటి బాల్కనీలో ఉంది. లాక్‌డౌన్‌లో పొట్ట తగ్గించుకోవడానికి అదే సైజు చక్రాల సైకిల్ కొని, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. వెళ్ళి అడిగాను. మీ ఫోర్కు మాకిస్తే స్ప్రింగులున్నది మీకు వేస్తామన్నాను. స్ప్రింగులుంటే ఖరీదైన బండిలా కనిపిస్తుందా అని ఆయన హిందీలో అడిగారు. కనిపిస్తుందన్నాను. పొట్ట కూడా తొందరగా తగ్గుతుందా అన్నారు. ఇంజినీరుగా ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేనన్నాను. మర్నాడే ఫోర్కులు మారాయి.

ఈసారి చీటీ తీశాను. సాంచా నంబరు ఉండాల్సిన చోట "సైకిల్" అని రాసి, నడిపినవారి సంతకం అన్న గీత స్వరూపకు చూపించాను. ఆమె ఒక ఆదివారం మొత్తం తొక్కి వచ్చి నాలుగు మార్పులు చెప్పింది. సీటు ఒక వేలు దించాలి, హ్యాండిల్ కొంచెం పైకి తిప్పాలి, ముందు బ్రేకు కుడిచేతికి రావాలి. నాలుగోది సీటు ముక్కు కాస్త కిందికి వంగాలని. సమ్మయ్య అలవాటుగా సీటు మీద రసమట్టం పెట్టబోయాడు. ఆమె దాన్ని అతని చేతిలోంచి తీసుకుని తన టిఫిన్ సంచిలో వేసుకుంది. ఇంకో ఆదివారం తొక్కాక సంతకం పెట్టింది.

ఫిబ్రవరి రెండో ఆదివారం మేమిద్దరం కాలువ గట్టు మీద మాస్కులు పెట్టుకుని, దూరం పాటిస్తూ నిలబడ్డాం. నుదుటికి జ్వరం తుపాకీ పెట్టి చూసి, నిమిషానికొకరిని వదిలారు. పదకొండు మంది అమ్మాయిలు. సమ్మయ్య చేతి గడియారం, నా ఫోను, రెండూ చూస్తూ ఒకదానికి ఇంకొకటి సాక్ష్యంగా ఉంచుకున్నాం. చివరి మలుపులో, కంకర జారే చోట ఆమె బ్రేకు నొక్కింది. కప్పీ తిరిగింది. బండి ఎటు పొమ్మంటే అటే పోయింది.  మలుపు దాటాక సమ్మయ్య మాస్కు కిందికి లాగి, "మేక కాదు సార్ ఇప్పుడు," అన్నాడు.

గంటా ఇరవై ఎనిమిది నిమిషాలు. గంటన్నర లోపు వచ్చినవాళ్ళు నలుగురు. స్వరూపది రెండో స్థానం, జట్టులో రెండో చోటు. మొదట వచ్చిన అమ్మాయిది విదేశీ కంపెనీ బండి, అచ్చంగా ఈ పందేల కోసమే చేసింది. దానికీ, మా లేతు మీద పుట్టినదానికీ తేడా నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లను నేను ఆ తర్వాత చాలామందికి చెప్పాను. అడగనివాళ్ళే ఎక్కువ.

ఆ పని నాకు నేర్పినది కొత్తదేమీ కాదు. యంత్రం సరిగా ఉందని చెప్పే అధికారం దాన్ని సరిచేసినవాడికి ఉండదు, నడిపే మనిషికే ఉంటుంది. అది నేనే రాసి గోడకు అంటించిన నిబంధన. మిల్లులో పాటించి మిల్లు బయట మరిచిపోయాను. మంచి పనిముట్టు చేతిలో ఉన్నవాడు అన్నిటినీ దానితోనే కొలుస్తాడు. ఆ తర్వాత మిగిలిన నా సర్వీసులో ఏ ఓవర్‌హాల్‌కైనా మొదటి బోల్టు విప్పకముందే నడిపే మనిషిని పిలిపించి అడిగాను. పట్టీలు తగ్గాయి, వాదనలు పెరిగాయి.

పేర్లు చదివాక స్వరూప బండి తోసుకుంటూ మా దగ్గరికి వచ్చింది. సమ్మయ్య కప్పీ మీది మట్టిని కర్చీఫుతో తుడవడం మొదలుపెట్టాడు. అంత ఖరీదైన బండికి నలభై సెకన్ల దూరంలో నిలబెట్టాం చూశావా అని నేనన్నాను. ఆమె నీళ్ళసీసా మూత తీసి రెండు గుక్కలు తాగింది.

"బండి మంచిగున్నది సార్, నేనేమంటలేను. కని దీపావళి కాంచి సంక్రాంతి దాంక గిది మీ షాపులనే పడున్నది. గా దినాలు నా పాత బండి నా దగ్గరుండి రోజు తొక్కితే, ఫస్టు నేనే వస్తుంటి."