కొండ కాసిన గార్డత్త

కిందటి నెల ఒక మంగళవారం, రాయగడలో మా బడిలో మూడో పీరియడు జరుగుతుండగా సునాబెడ నుంచి మా అత్త కొడుకు, బావ ఫోన్ చేశాడు. క్లాసు బయటికి వచ్చి ఎత్తాను. "అమ్మ ఎలిపోయిందమ్మీ," అన్నాడు. పొద్దున్న టీ తాగి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుందట. కోడలు గ్లాసు తీసుకెళ్దామని వచ్చేసరికి తల పక్కకి వాలి ఉందట. నేను మళ్లీ లోపలికి వెళ్లి, బోర్డు మీద సగంలో ఆపిన లెక్క పూర్తిచేసి, అప్పుడు హెడ్మాస్టరుగారికి చెప్పడానికి వెళ్లాను. అలా ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. అత్త అయినా అలాగే చేసి ఉండేదనిపిస్తుంది.

అత్త మా నాన్నకి అక్క. మావయ్య ఫారెస్టు గార్డుగా పనిచేస్తూ జ్వరంతో పోతే ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. అప్పటికి బావ ఇంకా చంకపిల్లాడు. మా తాతల కాలంలో సముద్రం వైపు నుంచి ఒడిశా వచ్చి, బళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ పనులు చేసుకుంటున్న కుటుంబం మాది. ఆడమనిషి ఖాకీ బట్టలేసుకుని అడవిలో తిరగడమేమిటని ఇంట్లో అందరూ అన్నారు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. మావయ్య చొక్కాలు తన కొలతకి కుట్టించుకుని, నందపూరు వైపున్న ఒక కొండ కింద క్వార్టర్లో చేరిపోయింది. రిటైరై సునాబెడలో బావ దగ్గరికి వెళ్లేదాకా అక్కడే ఉంది.

పొద్దున్నే కర్ర పట్టుకుని బయల్దేరేది. కొత్తగా నరికిన మొదళ్లున్నాయేమో చూసేది. ఎండలు ముదరకముందే, మంట పాకకుండా కొండ చుట్టూ ఆకులు ఊడ్పించి బాట తీయించేది. చలికాలం వస్తే విశాఖపట్నం నుంచి, జయపురం నుంచి మంచు చూడ్డానికి కార్లు వచ్చేవి. వచ్చినవాళ్లు కూడబలుక్కుని హిందీలో ఏదో అడుగుతుంటే, చివరిదాకా విని, "తెలుగోలమే బాబూ. బండి ఇటెట్టండి," అనేది. చెత్త వేయొద్దని ఎవరికీ చెప్పేది కాదు. ఒక ఖాళీ గోనెసంచి చేతికిచ్చి, దిగేటప్పుడు తనకిచ్చి వెళ్లమనేది. తిరిగి ఇవ్వాలి గనక అందులో ఏదో ఒకటి వేసి తెచ్చేవాళ్లు.

జనం వచ్చేది ఆదివారమే కాబట్టి ఆవిడకి చర్చికి వెళ్లడం కుదిరేది కాదు. పాస్టరుగారు ఒకసారి ఆ మాట ఎత్తితే, "ఆలందరూ దిగీ వరకు నా డూటీ అవ్వదయ్యగారూ," అంది. ఆ తరవాత ఆయనే నెలకోసారి సోమవారం పొద్దున్న కొండకిందికి వచ్చి, ప్రార్థన చేసి, ఆవిడ పెట్టిన టీ తాగి వెళ్లేవారు.

అందరూ దిగడమంటే ఆవిడకి నిజంగా అందరూనే. అది నేను కళ్లారా చూశాను. ప్లస్ టూ పరీక్షలు రాసి ఆ వేసవిలో అత్త దగ్గరికి వెళ్లాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, చల్లగాలికి వచ్చినవాళ్లు పైన ఉండగానే, కొండ పడమటి వైపు పొగ లేచింది. అత్త ముందు ఊళ్లోకి కబురు పంపి, ఆఫీసుకి ఫోన్ చేసింది. పైనున్నవాళ్లు పొగ చూసి ఒక్కొక్కరే దిగసాగారు. ఆరు బండ్లు వచ్చాయి. "ఏడు ఎక్కేయి," అంది. తువ్వాలు తడిపి ముఖానికి కట్టుకుని పైకి వెళ్లిపోయింది. వద్దని చెయ్యి పట్టుకుంటే నన్ను చూడను కూడా చూడలేదు.

అరగంటకి ఆ బండి వచ్చింది. నడుపుతున్నది విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. వెనక సీట్లో ఆయన భార్య. పక్కన అత్త. ఆయన భార్యకి మోకాళ్ల నొప్పులట. దూరంగా ఒక బండ మీద కూర్చుని, ఆ పొగని మంచు అనుకుని ఇద్దరూ ముచ్చటపడుతున్నారట. ఈ సంగతి అత్త చాలా ఏళ్లు నవ్వుతూ చెప్పింది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. బండి దిగి తిన్నగా మంట వైపు నడిచింది. ఊరివాళ్లు అప్పటికే పచ్చికొమ్మలతో మంటని కొడుతున్నారు. ఎండ చల్లబడేసరికి ఆర్పారు గానీ, పడమటి వాలు మొత్తం బొగ్గయింది.

మర్నాడు ఊళ్లోంచి ఒక ముసలావిడ క్వార్టరుకి వచ్చి నేలమీద కూర్చుంది. రాలిన ఇప్పపూలు కనబడి ఏరుకోవడానికి వీలుగా చెట్టుకింద ఎండాకులు తగలబెట్టానని, గాలి తిరిగిందని, తనే చెప్పింది. ఆవిడ చేతులు కూడా మా అత్త చేతుల్లాగే బొబ్బలెక్కి ఉన్నాయి. అత్త ఇద్దరి చేతులకీ మందు రాసి, రిపోర్టు కాయితం తీసింది.

ఎవరో తెలియదని రాసేయమని బతిమాలాను. పాపం, ముసలావిడని జైల్లో పెడతారేమో అన్నాను.

"తెలీదని రాస్తే కేసు ఊరంతటి మీద పడతాదమ్మీ," అంది అత్త. "ఉన్నది రాస్తాను. ఎందుకు సేసిందో కూడా రాస్తాను."

ముసలావిడ పేరు రాసింది. తనంతట తనే వచ్చి ఒప్పుకుందని, మంట ఆర్పడంలో చివరిదాకా నిలబడిందని రాసింది. ఆఖరున, పూలు రాలే ముందు ఆ చెట్లకింద ఊడ్పించకపోవడం గార్డు తప్పని కూడా రాసి సంతకం పెట్టింది. నాకు కోపం వచ్చింది. ఆవిడ ముసలావిడని వెంటబెట్టుకుని రేంజి ఆఫీసుకి వెళ్లింది. తనకి కుర్చీ ఇస్తే కూర్చోలేదట, ముసలావిడ పక్కనే నిలబడిందట. రేంజరుగారు రిపోర్టు రెండుసార్లు చదివి, ముసలావిడని హెచ్చరించి పంపేశారు. అత్తకి మెమో ఇచ్చారు.

ఆ మెమో వల్ల ప్రమోషను ఆగింది. గార్డుగానే రిటైరయింది. దాని గురించి ఎప్పుడైనా బాధపడిందా అంటే, పడింది. "ఇంకొక్క గీత ఉంటే బాగున్ను," అని, హోదా గీతలుండే భుజం తడుముకుంటూ ఒకసారి నాతో అంది. అంతే. మంట లేచిన మరుసటేడు మాఘం దాటకముందే ఊరి ఆడవాళ్లని కూడగట్టి ప్రతి ఇప్పచెట్టు కిందా తనూ చీపురు పట్టింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ వైపు మళ్లీ మంట లేవలేదు.

అంత్యక్రియలకి కొండకింది ఊరివాళ్లు జీపు మాట్లాడుకుని సునాబెడ వచ్చారు. చర్చిలోకి రావచ్చో కూడదో తెలియక గేటు దగ్గర నిలబడ్డారు. పాస్టరుగారు వెళ్లి, వాళ్లని తీసుకొచ్చి ముందు బెంచీల్లో కూర్చోబెట్టారు.

నేను అత్తని ఆఖరుసారి కొండకి తీసుకెళ్లింది మొన్నటి దసరా సెలవుల్లో. పడమటి వాలు చూడాలని ఆవిడే అడిగింది. కాలిన మొదళ్ల నుంచి చిగిర్చిన గుగ్గిలం మొక్కలు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. నన్ను బాటమీదే ఉండమని, అత్త కర్ర పక్కన పెట్టేసి, కొమ్మలు రెండు చేతులతో తప్పించుకుంటూ లోపలికి నడిచింది. కాసేపు తెల్లజుట్టు కనిపించింది. తరవాత అదీ కనపడలేదు. ఆకులు ఎక్కడ కదులుతున్నాయో చూస్తూ, అత్త ఎంత దూరం వెళ్లిందో పోల్చుకుంటూ నిలబడ్డాను.