బస్సుకు అందిన బల్లకట్టు

సమాధానం అనే మనిషి జీవితంలో ఎక్కువ భాగం నీటి మీద నిలబడే గడిచింది. విడవలూరికి తూర్పున, బకింగ్‌హామ్ కాలువ రేవులో అతనిది బల్లకట్టు. రెండు దోనెలను జతచేసి పైన పలకలు పరిచిన ఆ కట్టు మీద సముద్రపు ఒడ్డు పల్లెల మనుషులు, చేపల గంపలు, వేరుశెనగ మూటలు, అప్పుడప్పుడు ఒక ఎద్దు పడమటి గట్టుకు దాటుతుండేవి. పొడవాటి గెడకర్రతో కట్టును తోయడం అతనికి తండ్రి నేర్పాడు. దానితోపాటు ఒక నియమాన్నీ అప్పగించి పోయాడు. సరుగుడు తోపుల్లోంచి ఎవరైనా కేక వేస్తే కట్టు ఆగాలి. కేక వేసినవారు కనబడనక్కరలేదు, ఎవరో తెలియనక్కరలేదు. విని కూడా గెడ వేసేవాణ్ణి మనిషిగా లెక్కవేయరాదని ఆ ముసలాయన అనేవాడు.

నియమం మంచిదే. అయితే మంచి నియమాన్ని ఆశ్రయించుకుని సోమరితనం కూడా హాయిగా బతుకుతుంది. ఇంట్లో చద్దన్నం ముందు కూర్చునే ఉండి, పిల్లల చేత కేక వేయించేవారు ఆ పల్లెల్లో తక్కువేమీ కాదు. కాలమంటే ఏమిటో తేల్చడానికి పెద్ద పెద్ద మేధావులే అలసిపోయారు. ఆ రేవులో మాత్రం దానికి సులువైన అర్థం ఉండేది: అందరూ వచ్చేదాకా పట్టే సేపు.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో పడమటి గట్టు రోడ్డుకు కంకర పడింది. నెల్లూరు నుంచి ఒక ప్రైవేటు కంపెనీ బస్సు రేవు దాకా రావడం మొదలుపెట్టింది. పొద్దున రేవులో ఎక్కితే నెల్లూరు స్టేషనులో మద్రాసు వైపు పోయే పాసింజరు అందుతుంది. కట్టు దిగితే బస్సు, బస్సు దిగితే రైలు. అంతకుముందు రోగిని మంచం మీద మోసుకుపోయిన దారి అది.

కాని బస్సు వచ్చి హారను కొట్టే సమయానికి కట్టు ఇంకా తూర్పు ఒడ్డునే కేకలు వింటూ ఉండేది. బస్సు కాచుకునేది. అక్కడ రైలు వెళ్ళిపోయేది. దారిలో ఎక్కిన పట్నపు ప్రయాణికులు కండక్టరు హజరత్తయ్య మీద పడి కేకలు వేసేవారు. చివరకు కంపెనీ మేనేజరు పద్మనాభయ్యే రేవుకు దిగాడు.

"ఏమయ్యా, నా బస్సు నీ కట్టు కోసం కాచుకుంటాది. రైలు నా బస్సు కోసం కాచుకుంటాదా?"

"పిలిస్తే ఆగకుండా ఎట్ట వచ్చేది సామీ?"

"అట్టయితే నువ్వు పిలుపులు వింటా కూర్చో. నేను ఉత్తరాన వంతెన మీదికి బస్సు తిప్పుకుంటా. సోమవారం నేనే వచ్చి చూస్తా. ఆ పొద్దు గూడా ఆలస్యమయిందా, మర్నాటి నుంచి ఈడ బస్సు ఉండదు."

బస్సు కదులుతుంటే హజరత్తయ్య కిటికీలోంచి తల బయట పెట్టాడు. "అన్నా, మీ రేవోళ్ళను పెండ్లికి పిలిస్తే బిడ్డ బారసాలకు వస్తారంట గదా!"

సమాధానం నవ్వలేకపోయాడు. బస్సు వంతెనకు పోతే జనమూ అటే నడుస్తారు. రేవు పాడుపడుతుంది. సెంటు భూమి లేని తనకు ఈ కట్టు తప్ప వేరే పని రాదు.

ఆ మాటే భార్య ఎలిశబెతుతో అన్నాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"కేక వినపడనట్టు పోగూడదా?"

"చెవులుండాయి గదే."

"ఉంటే ఉండనీ. కట్టు మీద నిలబడుండే వాళ్ళకు నోళ్ళు లేవా? ముందుగా వచ్చినారు గనక కేకెయ్యలేదు. వాళ్ళను ఆపడం మాత్రం న్యాయమా?"

అతనికి ఆ మాట నచ్చలేదు. కాని అది అతన్ని వదలలేదు. ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటింటికీ తిరిగి, రేపటి నుంచి హారను వినపడగానే కట్టు కదులుతుందని చెప్పి వచ్చాడు. ప్రసంగానికి తల ఊపినట్టే అందరూ తల ఊపారు.

సోమవారం కట్టు నిండింది. అవతలి గట్టున బస్సు ఆగింది. పద్మనాభయ్య గొడుగు వేసుకుని నీళ్ళ అంచున నిలబడ్డాడు. హారను మోగింది. సమాధానం తాడు విప్పి గెడ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే తోపుల్లోంచి కేక వచ్చింది.

"ఓ సమాధానం! ఆపరా! వస్తా ఉండా!"

ఆదిశేషమ్మ గొంతు. ఇసుక చేలో పుచ్చకాయలు పండించే ముసలామె. ఆమె కేకకు ఆగని రోజు అతని ఎరుకలో లేదు.

"ఆపన్నా, పెద్దమ్మ వస్తా ఉండాది," అన్నారు ఒకరు.

"ఆమెకు రోజూ ఉండేదే గదా, పోనీ," అన్నారు మరొకరు.

అతను వెనక్కి తిరగలేదు. గెడ దించి బలంగా తోశాడు. ఆ కాలువ ఏమంత వెడల్పు కాదు. అయినా కేక రెండోసారి, మూడోసారి నీటి మీదుగా వచ్చి వీపుకు తగులుతుంటే, అవతలి గట్టు ఎంతకీ దగ్గర కాలేదు. దీన్ని ధైర్యమని ఎవరైనా అనవచ్చు. అతనికి మాత్రం దొంగతనం చేస్తున్నట్టే ఉంది.

జనం దిగి బస్సెక్కారు. పద్మనాభయ్య గొడుగు ముడుచుకుని, "రేపూ ఇట్టనే రా," అని ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేసరికి ఆదిశేషమ్మ గుడ్డమూట పక్కన పెట్టుకుని రేవులో కూలబడి ఉంది.

"గూడూరులో మా కూతురు చెంచమ్మకు నెలలు నిండకముందే నొప్పులొచ్చినాయంటరా. ఇప్పుడే కబురొచ్చింది. ఆ రైలు పోయింది గదా! నీ చేతులు పడిపోను, నీ గెడ విరిగిపోను!"

అతను ఆమె మూట అందుకుని కట్టు మీద పెట్టాడు. ఆమెను దాటించి, మధ్యాహ్నపు బస్సు వచ్చేదాకా కంకర కుప్ప పక్కన ఎండలో తనూ కూర్చున్నాడు. ఇంటి నుంచి అన్నం తెప్పించి ముందు పెట్టాడు. ఆమె తిన్నంత సేపూ ఊరుకుని, చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ తిట్లు అందుకుంది. సాయంత్రపు బండి ఎక్కిస్తానని హజరత్తయ్య మాట ఇచ్చి ఆమెను తీసుకుపోయాడు.

తర్వాతి రోజుల్లో కట్టు హారనుకు తప్పకుండా కదిలింది. కేకలు వేయడం మానిన జనం పరుగెత్తి రావడం నేర్చుకున్నారు. ఏది నిలవాలని అతను కోరుకున్నాడో అది నిలుస్తోంది. అయినా అన్నం గొంతు దిగడం లేదు. ప్రార్థనలో తనను క్షమించమని అడగడానికి అతనికి నోరు రాలేదు. చెంచమ్మ బతకాలని మాత్రం అడిగాడు.

వారం తిరగకముందే ఒక పొద్దున బస్సులోంచి ఆదిశేషమ్మ దిగింది. అతను గెడ పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏందిరా, దయ్యాన్ని చూసినట్టు చూస్తా ఉండావు?"

"పెద్దమ్మా... చెంచమ్మ?"

"ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగుండారు. నేను ఆడికి పోయినాకనే పుట్టింది. ముందే పోయుంటే గుమ్మంలో కూర్చుని ఇంకొంచెం సేపు ఏడ్చుండేదాన్ని, అంతే." మూట చంకకు ఎత్తుకుని, "అట్టని నిన్నొదిలేస్తాననుకోబాక," అంది.

అతను గెడ వదిలేసి పలకల మీద కూర్చుండిపోయాడు. హజరత్తయ్య బస్సు మెట్టు మీద నుంచి అరిచాడు.

"అన్నా! వంతెన సంగతి మా మేనేజరు మానుకున్నాడు. మీ రేవు పేరు బస్సు బోర్డు మీద రాయించినాడు, సూడు!"

చదవడానికి సమాధానం తల ఎత్తాడు గాని అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి.

"లేరా, లే," అంది ఆదిశేషమ్మ, మూట అతని ఒళ్ళో పడేసి. "ఎండెక్కతా ఉండాది. తోటలో కాయలన్నీ నక్కలపాలయి ఉంటాయి."

ఆ మధ్యాహ్నం రొయ్యల పులుసుతో అతను మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు. కుండ ఖాళీ అయింది. ఎలిశబెతు పొయ్యి రాజేసి ఇంకో ఎసరు పెట్టింది.